303 రేసులు, గెలుపు సున్నా... అయినా రారాజే!

అమెరికాలో కార్ల రేసుల పెద్ద లీగు నాస్కార్ కప్. అందులో డిక్ ట్రికిల్ అనే ఆయన 303 సార్లు పోటీకి దిగాడు. ఒక్కసారీ గెలవలేదు. అధికారిక పుస్తకంలో ఆయన పేరుకెదురుగా గెలుపుల గడిలో ఉన్నది సున్నా. అదే మనిషి చిన్న ట్రాకుల మీద గెలిచిన రేసులు 1,200 దాకా ఉంటాయని ఆ ఆట తెలిసినవాళ్లు చెబుతారు. ఆ 'దాకా' ఎందుకంటే, లెక్క రాసిపెట్టిన ఆఫీసంటూ ఏదీ లేదు. ఊరూరా శనివారం రాత్రి జరిగే పోటీలకు రిజిస్టర్లు ఎవరు పెడతారు? చూసొచ్చిన జనం, మర్నాటి లోకల్ పేపర్లో మూడు లైన్ల వార్త, గెలిచినవాడి షెడ్డులో దుమ్ముపట్టిన కప్పులు... ఉన్న దస్తావేజులు ఇవే.

ఈసారి వింతలు విశేషాలు ఇలాంటివాళ్ల గురించే. ఇప్పుడు వీళ్లలో చాలామంది లేరు. కానీ వాళ్లు తిరిగిన ట్రాకుల దగ్గర ఇప్పటికీ వాళ్ల పేరు చెబితే ముసలివాళ్లు కుర్చీ ముందుకు జరుపుకుని మాట్లాడతారు.

ముందు ఆట సంగతి రెండు ముక్కల్లో. చుట్టుకొలత మైలు లోపు, అంటే 1.6 కిలోమీటర్ల లోపు ఉంటే అది చిన్న ట్రాకు. చాలావరకు అండాకారం. స్టాక్ కారు పైకి షోరూమ్‌లో అమ్మే కారులాగే కనిపిస్తుంది. లోపల మాత్రం ఇనప గొట్టాల పంజరం, ఒక సీటు, ఒక స్టీరింగు, అంతే. మొదట్లో నిజంగా రోడ్డు మీద తిరిగిన కార్లతోనే పందేలు వేసేవాళ్లు. అమెరికా దక్షిణాదిలో దొంగసారా చేరవేసే కుర్రాళ్లు పోలీసులకు దొరక్కుండా ఇంజన్లను బాగుచేసుకుని, సెలవు రోజున వాటితోనే ఒకరి మీద ఒకరు పోటీకి దిగేవాళ్లు. వాళ్లనీ వీళ్లనీ ఒక గొడుగు కిందికి తెచ్చి 1948లో బిల్ ఫ్రాన్స్ నాస్కార్ పెట్టాడు. పుట్టుకే షెడ్లలో కాబట్టి, మా వనస్థలిపురం ఆటోనగర్‌లో లారీ కింద దూరి పనిచేసే కుర్రాడికి ఈ కథలు నాకంటే బాగా అర్థమవుతాయని నా నమ్మకం. ఫార్ములా వన్ కోటీశ్వరుల ఆట, ఇది మేస్త్రీల ఆట.

48 ఏళ్ల 'కొత్త కుర్రాడు'

ట్రికిల్ పుట్టింది 1941 అక్టోబరు 27న, విస్కాన్సిన్ రాష్ట్రంలో. ఎనిమిదేళ్లప్పుడు కడుతున్న ఇంటి దూలాల మీద ఆడుకుంటూ రెండంతస్తుల కిందికి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. నడుం నుంచి పాదం దాకా కట్టుతో మూడేళ్లు గడిపాడు. ఆ తరవాత జీవితాంతం కాస్త కుంటుతూనే నడిచాడు. కాలు సరిగా లేని పిల్లాడు కారెక్కాక ఇంకెవరికీ అందలేదు.

1972లో ఒక్క ఏడాదిలో 67 రేసులు గెలిచాడు. వారానికి ఒకటి కన్నా ఎక్కువ. అదీ చలికాలమంతా ట్రాకులు మూసేసే రాష్ట్రంలో! ఈ రోజు ఒక ఊళ్లో గెలిచి, రాత్రంతా బండిని ట్రెయిలర్ మీద వేసుకుని పోయి, రేపు ఇంకో ఊళ్లో దిగేవాడు. కారు నంబరు 99.

సిగరెట్ లేకుండా ఉండలేడు. హెల్మెట్‌కు బెజ్జం పెట్టించుకుని, రేసు మధ్యలో పసుపు జెండా ఊపి బండ్లను నెమ్మదింపజేసినప్పుడు దమ్ము లాగేవాడు. కారులో లైటర్ కూడా ఉండేది. ఇప్పుడు ఇలాంటి పని చేస్తే లైసెన్సు చింపేస్తారు, చింపాలి కూడా.

పెద్ద లీగు ఆయన్ని పిలిచేసరికి వయసు మీదపడింది. 1989లో గాయపడిన ఒక డ్రైవర్ స్థానంలో తీసుకున్నారు. ఆ ఏడాది 'ఉత్తమ కొత్త ఆటగాడు' అవార్డు ఆయనకే వచ్చింది. అప్పటికి 48 ఏళ్లు నిండాయి, తాతయ్యాడు. అంత వయసులో ఆ అవార్డు అందుకున్నవాళ్లు ఆయనకు ముందూ లేరు, తరవాతా లేరు. తనలాంటి కుర్రాడికి అవకాశం ఇచ్చినందుకు థ్యాంక్స్ అని వేదిక మీద అందరినీ నవ్వించాడట.

కప్ రేసు ఫలితాలు చదివేటప్పుడు, గెలిచినవాడి పేరు చెప్పాక ట్రికిల్ ఎన్నో స్థానంలో వచ్చాడో కూడా చెప్పడం ఈఎస్‌పీఎన్ టీవీ చానల్ యాంకర్లకు ఆనవాయితీ అయింది. పేరు వింతగా ఉందని మొదలెట్టిన సరదా అది. దాంతో రేసులు చూడనివాళ్లకు కూడా ఆయన తెలిసిపోయాడు. ఆయన చిన్న ట్రాకుల మీద ఏం చేశాడో మాత్రం ఆ నవ్వినవాళ్లలో చాలామందికి తెలియదు.

2013 మే 16న, 71 ఏళ్ల వయసులో, మందులకు లొంగని నొప్పితో వేగి వేగి తన ప్రాణం తానే తీసుకున్నాడు. అంతకు మించి ఆ వివరాల్లోకి వెళ్లను. విస్కాన్సిన్‌లోని లాక్రాస్ ట్రాకు మీద అక్టోబరు ఉత్సవాల్లో ఆయన పేరిట రేసు పెడుతున్నారు. ఎన్ని చుట్లో ఊహించగలరు కదా, 99.

ఒకే ఊరు, వరసగా 15 టైటిళ్లు

న్యూయార్క్ రాష్ట్రంలో రోమ్ అని ఒక చిన్న ఊరుంది. ఇటలీ రోమ్‌తో పోలికేమీ లేదు, పొలాలు, పాల డెయిరీలు, చలి. నాస్కార్‌లో అన్నిటికంటే పాత విభాగం 'మోడిఫైడ్'. ముందు చక్రాలు బయటికి పొడుచుకొచ్చి, వెడల్పు టైర్లతో, నేలకు అంటుకున్నట్టుండే మోటు బండ్లవి. 1948 ఫిబ్రవరిలో నాస్కార్ పెట్టిన మొట్టమొదటి రేసు వీటిదే. ఈ విభాగంలో 1971 నుంచి 1985 దాకా పదిహేనేళ్ల జాతీయ టైటిళ్లు పదిహేనూ ఆ ఒక్క ఊరికే పోయాయి. ఇద్దరంటే ఇద్దరు మనుషులు గెలిచారు. జెర్రీ కుక్ ఆరు, రిచీ ఎవాన్స్ తొమ్మిది.

ఒక ఊళ్లో ఇద్దరు మొనగాళ్లుంటే ఊరు రెండవుతుంది. రోమ్‌లోనూ అదే జరిగింది. కుక్ లెక్క మనిషి. పాయింటు పాయింటు కూడబెట్టి, బండి విరక్కుండా ఇంటికి తెచ్చుకునే రకం. ఎవాన్స్‌కు గెలుపు కావాలి, గెలిచాక పార్టీ కావాలి. ఒకరి అభిమాని ఇంకొకరికి చప్పట్లు కొట్టేవాడు కాదు. మనకు హీరోల ఫ్యాన్స్ సంగతి తెలుసు కాబట్టి ఇంతకన్నా వివరించక్కర్లేదు.

ఎవాన్స్ 1941 జూలై 23న రైతు ఇంట పుట్టాడు. పదహారో ఏట పొలం వదిలేసి ఊళ్లో గ్యారేజీలో పనికి చేరాడు. 1962లో యుటికా-రోమ్ ట్రాకు మీద 1954 మోడల్ ఫోర్డుతో మొదటిసారి దిగాడు. ఆ కారు మీద రాసుకున్నది మామూలు నంబరు కాదు, పీటీ-109. అప్పటి అధ్యక్షుడు కెనెడీ రెండో ప్రపంచ యుద్ధంలో నడిపిన పడవ పేరు. ఆ తరవాత మోడిఫైడ్‌లకు మారి, నారింజ రంగు బండి, 61 నంబరుతో స్థిరపడ్డాడు.

ఆ రోజుల్లో జాతీయ చాంపియన్ కావాలంటే ఒక షెడ్యూలు అంటూ ఉండేది కాదు. ఏ ట్రాకులో ఆడినా పాయింట్లు కలుస్తాయి. కాబట్టి వారంలో నాలుగైదు రాత్రులు నాలుగు ఊళ్లు తిరగాల్సిందే. పగలు రిపేరు, సాయంత్రం రేసు, రాత్రి డ్రైవింగు. అలా తిరుగుతూ 1979లో ఎవాన్స్ 60 రేసుల్లో 37 గెలిచాడు. మొత్తం మీద గెలిచినవి నాలుగు వందలకు పైనే. ఇక్కడా కచ్చితమైన అంకె దగ్గర అభిమానులు కొట్లాడుకుంటారు.

1985లో నాస్కార్ పద్ధతి మార్చింది. తిరుగుడు తగ్గించి 28 రేసులతో ఒక టూర్ పెట్టింది. ఎవాన్స్ అందులో 12 గెలిచి, సీజన్ ముగియకముందే టైటిల్ ఖాయం చేసుకున్నాడు. వరసగా ఎనిమిదోది, మొత్తం తొమ్మిదోది. ఇక చివరి రేసు వర్జీనియాలోని మార్టిన్స్‌విల్‌లో. దాని అవసరం ఆయనకు లేదు. అయినా వెళ్లాడు, ఎందుకంటే రేసు ఉంది కాబట్టి. అక్టోబరు 24న ప్రాక్టీసులో మూడో మలుపు దగ్గర గోడను ఢీకొని చనిపోయాడు. వయసు 44. కొత్త టూర్ తొలి చాంపియన్‌గా రికార్డులకెక్కింది అప్పటికే లేని మనిషి.

మోడిఫైడ్ టూర్‌లో 61 నంబరును ఇంకెవరికీ ఇవ్వకూడదని నాస్కార్ పక్కన పెట్టేసింది. నంబరును అలా గౌరవించడం నాస్కార్‌లో దాదాపు వినని సంగతి. 2012లో షార్లెట్‌లోని నాస్కార్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. పెద్ద కప్‌లో పేరు తెచ్చుకోకుండా, మోడిఫైడ్ డ్రైవర్‌గానే ఆ గుమ్మం దాటిన మొదటివాడు ఆయనే. ఊరి పోటీదారు కుక్ 2016లో వెనకే వచ్చాడు.

ఎవాన్స్ పోయాక నాలుగేళ్లలో ఇంకొందరు మోడిఫైడ్ డ్రైవర్లు ఇలాంటి ప్రమాదాల్లోనే చనిపోయారు. బండి చట్రం మరీ గట్టిగా ఉండి, గుద్దుకున్నప్పుడు తాను నలగకుండా దెబ్బంతా లోపలి మనిషికే పంపిస్తోందని అప్పుడు గొడవ లేచింది. గట్టిగా ఉంటే క్షేమం అనుకోవడం మన దగ్గరా ఉంది. బంపర్‌కు అదనంగా ఇనప గార్డు బిగించుకునే ప్రతి ఇంటాయనా ఈ సంగతి ఒకసారి ఆలోచించుకోవాలి.

టైరుకు టేపు

ఈ ఆటలో నాకు అన్నిటికంటే నచ్చిన దృశ్యం రేసు కాదు, దానికి ముందు జరిగే పని. మెకానిక్ నేల మీద గొంతుక్కూర్చుని, కొత్త టైరు చుట్టూ దర్జీలా టేపు వేసి చుట్టుకొలత తీస్తాడు. ఆ అంకెను సుద్దముక్కతో టైరు మీదే రాస్తాడు. నాలుగు టైర్లూ సమానంగా ఉండాలని కాదు, సమానంగా ఉండకూడదని! కుడివైపు టైర్ల చుట్టుకొలత ఎడమవాటికన్నా కొన్ని సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి. రేసంతా ఎడమ మలుపులే కాబట్టి, బండి తనంత తానే ఎడమకు తిరగాలన్నమాట. గాలి ఒక పాయింటు ఎక్కువ పట్టినా కొలత మారిపోతుంది. బరువు కూడా వీలైనంత ఎడమవైపే సర్దుతారు. ఇలాంటి బండిని మన దగ్గర వీల్ అలైన్‌మెంట్ షాపుకు తీసుకెళ్తే ఓనర్ని పైనుంచి కిందికి ఒకసారి చూస్తారు.

ట్రికిల్, ఎవాన్స్ లాంటివాళ్లు ఈ పని సొంత చేతులతో చేసుకున్నవాళ్లు. వాళ్ల గెలుపులో సగం శుక్రవారం రాత్రి షెడ్డులోనే అయిపోయేది.

వందకు 76

మిస్సోరీ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్ మనిషి ల్యారీ ఫిలిప్స్. నాస్కార్ వారాంతపు పోటీల జాతీయ టైటిల్ ఐదుసార్లు గెలిచాడు: 1989, 1991, 1992, 1995, 1996. ఆ పోటీల్లో 289 సార్లు దిగి 220 గెలిచాడు. వందకు 76! ఏ ఆటలోనైనా ఇది మామూలు అంకె కాదు. తరవాత దేశమంతా ఎరిగిన రస్టీ వాలెస్, మార్క్ మార్టిన్ కుర్రతనంలో ఆయన దగ్గర దెబ్బలు తిని నేర్చుకున్నవాళ్లే. 2004లో పోయాడు.

ఇంజినీరు గారి ఎదురు చుట్టు

మనవాళ్లకు నచ్చే కథ ఇది. అలన్ కుల్‌విక్కీ కూడా విస్కాన్సిన్ చిన్న ట్రాకుల వాడే, ట్రికిల్‌తో ఢీకొట్టి ఎదిగినవాడే. కాకపోతే మెకానికల్ ఇంజినీరింగ్ చదివాడు. పెద్ద లీగు కోసం షార్లెట్‌కు మకాం మార్చబోతుండగా, బయల్దేరడానికి రెండు రోజుల ముందు సామాను లాగే ట్రక్కు కాలిపోయింది. ఇంకో బండి అడిగి తెచ్చుకుని వెళ్లాడు. పెద్ద టీములు ఉద్యోగమిస్తామన్నా చేరలేదు. తన కారు, తన టీము, తన లెక్కలు.

1988లో మొదటి కప్ రేసు గెలిచినప్పుడు అందరిలా కాకుండా ట్రాకును వెనక్కి, గడియారం ముల్లు తిరిగే వైపు చుట్టి వచ్చాడు. అలా తిరిగితే డ్రైవర్ కిటికీ జనం వైపుంటుంది, అందరికీ చెయ్యి ఊపొచ్చు. ఇంజినీరు ఆలోచన! 1992లో కేవలం 10 పాయింట్ల తేడాతో కప్ చాంపియన్ అయ్యాడు. కాలేజీ డిగ్రీతో ఆ టైటిల్ గెలిచిన తొలి మనిషి. 1993 ఏప్రిల్ 1న బ్రిస్టల్ రేసుకు వెళ్తుండగా విమానం కూలి చనిపోయాడు. వయసు 38.

మర్నాడు బ్రిస్టల్‌లో వాన. ఆయన కారును మోసుకొచ్చిన పెద్ద ట్రక్కు, ముందు నల్లని పూలచక్రం కట్టుకుని, ట్రాకులోకి వచ్చి మెల్లగా చుట్టు తిరిగి గేటు దాటి వెళ్లిపోయింది. ఆ తరవాత జరిగిన రేసు గెలిచిన రస్టీ వాలెస్ కూడా ఎదురు చుట్టు తిరిగాడు.

పోటీకి పోతూ పోతూ

కనెక్టికట్ మనిషి టెడ్ క్రిస్టఫర్‌దీ ఇలాంటి ముగింపే. 2017 సెప్టెంబరు 16న లాంగ్ ఐలండ్‌లోని రివర్‌హెడ్ ట్రాకుకు చిన్న విమానంలో వెళ్తూ అడవిలో కూలి చనిపోయాడు. వయసు 59, అయినా ఆ రాత్రి పోటీకి దిగాల్సినవాడే. 2001లో వారాంతపు పోటీల జాతీయ టైటిల్, 2008లో మోడిఫైడ్ టూర్ టైటిల్ గెలిచాడు. మోడిఫైడ్ టూర్‌లో 42 గెలుపులు. ఒక్క స్టాఫర్డ్ ట్రాకులోనే అన్ని రకాల బండ్లూ కలిపి 131 గెలిచాడు. ముందున్నవాణ్ని బంపర్‌తో పక్కకు నెట్టి వెళ్లే రకం కాబట్టి సగం మంది ఈలలు వేస్తే సగం మంది తిట్టేవాళ్లు. పోయాక తిట్టినవాళ్లే ఎక్కువ ఏడ్చారంటే నమ్మొచ్చు. కవల సోదరుడు మైక్ కూడా రేసరే.

ట్రాకుల్లో వింతలు

కప్ రేసు జరిగిన వాటిలో అతి చిన్న ట్రాకు న్యూయార్క్ దగ్గరి ఇస్లిప్, చుట్టు కేవలం 320 మీటర్లు. 1971తో అక్కడ కప్ పోటీలు ఆగిపోయాయి. విస్కాన్సిన్‌లోని స్లింగర్ 400 మీటర్ల ట్రాకు. మలుపుల వాలు 33 డిగ్రీలు, అక్కడ నడవబోతే చెయ్యి ఆనించాల్సిందే. మార్టిన్స్‌విల్‌లో 1964 నుంచి గెలిచినవాడికి కప్పు బదులు మనిషెత్తు గోడగడియారం ఇస్తున్నారు. రిచర్డ్ పెట్టీ అనే డ్రైవర్ ఇంట్లో అలాంటివి డజను. ఒకేసారి గంటలు కొడితే ఆ ఇంటివాళ్లు ఎలా పడుకున్నారో!

నార్త్ కరోలినా విన్‌స్టన్-సేలమ్‌లోని బౌమన్ గ్రే స్టేడియం ఇంకా వింత. అది ఫుట్‌బాల్ మైదానం. దాని చుట్టూ ఉన్న 400 మీటర్ల బాట మీద 1949 నుంచి వారం వారం నాస్కార్ రేసులు జరుగుతున్నాయి. మోడిఫైడ్‌లు అక్కడ 13 సెకన్లకు ఒక చుట్టు, అంటే గంటకు 110 కిలోమీటర్ల పైమాటే. మా హరిణ వనస్థలి పార్కు కృష్ణజింక ఏ మాత్రం మోటారు లేకుండా 80 దాకా అందుకుంటుంది కాబట్టి, ఖర్చు లెక్కన చూస్తే జింకే గెలిచింది.

మన వైపు

మా దగ్గర అండాకారపు బాటంటే దిల్‌సుఖ్‌నగర్ దాటాక వచ్చే మలక్‌పేట్ రేస్ కోర్సే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1886లో మౌలాలి నుంచి పందేలను అక్కడికి మార్పించాడు. అక్కడ గుర్రాలు తప్ప కార్లు పరిగెత్తవు. కార్లు చూడాలంటే మద్రాసు వెళ్లాల్సిందే. నెల్లూరు వైపు నుంచి మద్రాసు పోయే దారిలో ఉన్న షోలవరంలో యుద్ధకాలపు పాత విమానాల రన్‌వే మీద దశాబ్దాల పాటు పోటీలు జరిగాయి. 1990లో ఇరుంగట్టుకోట్టై సర్క్యూట్ వచ్చింది.

ఆ సర్క్యూట్‌లోనే 2023 జనవరి 8న జాతీయ చాంపియన్‌షిప్ సెలూన్ కార్ల రేసులో 59 ఏళ్ల కె.ఇ. కుమార్ కారు ఇంకో కారుకు తగిలి, ట్రాకు దాటి, కంచెను ఢీకొని తలకిందులైంది. ఆయన బతకలేదు. ఆ రోజు మిగతా రేసులన్నీ రద్దు చేశారు. సెలూన్ కార్లంటే మన దేశంలో స్టాక్ కార్లకు దగ్గరి చుట్టాలు. ఏళ్ల తరబడి ఆ ట్రాకు దగ్గర తిరిగిన పెద్దమనిషి ఆయన. కుర్ర డ్రైవర్లతో సమానంగా 59లోనూ గ్రిడ్ మీద నిలబడ్డాడు. ట్రికిల్ జాతి మనిషి.

నెల దాటాక, ఫిబ్రవరి 11న, హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2.83 కిలోమీటర్ల బాట మీద ఎలక్ట్రిక్ కార్ల ప్రపంచ పోటీ జరిగింది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. 2013లో నోయిడా ఫార్ములా వన్ తరవాత భారత్‌లో జరిగిన తొలి ప్రపంచ స్థాయి కార్ల రేసు అదే. మరుసటి ఏడాది రద్దయింది. ఒక్కసారి వచ్చిపోయే తారల రేసు కన్నా, ఆటోనగర్ పక్కన వారం వారం జరిగే చిన్న ట్రాకు ఒకటుంటే నగరానికి ఎక్కువ మేలని నా అభిప్రాయం. రింగ్ రోడ్డు మీద అర్ధరాత్రి బైకులతో చెలరేగే కుర్రాళ్లకు కనీసం హెల్మెట్, కంచె, అంబులెన్సు ఉన్న చోటు దొరుకుతుంది.

చివరగా ఒక మాట. వనస్థలిపురం, ఎల్బీనగర్ వైపు నుంచి వేసవిలో పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే అమ్మానాన్నలు వందల్లో ఉంటారు. షార్లెట్‌లో మనవాళ్లు బోలెడుమంది. వెళ్లినప్పుడు గుళ్లు, మాల్సు చూడండి, కాదనను. ఒక పూట నగరం నడిబొడ్డున ఉన్న నాస్కార్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు వెళ్లి ఎవాన్స్ పేరు వెతకండి. ఒక శనివారం సాయంత్రం అల్లుడి చేత కారు తీయించి, గంటన్నర దూరంలోని బౌమన్ గ్రేకు వెళ్లండి. సీజను వసంతం నుంచి ఆగస్టు దాకా ఉంటుంది. చెవుల్లో దూది మాత్రం మర్చిపోకండి.